సాంచాల ఊరికి హార్డ్ రాక్ రేడియో

సూరత్ నగరంలో ఇరవై నాలుగు గంటలూ పాతకాలపు హార్డ్ రాక్ పాటలు మాత్రమే వాయించే రేడియో స్టేషన్ ఒకటి పెడితే, అది దేశంలో ఇంకే స్టేషనూ నడవనంత ఘనంగా నడుస్తుందని నేను డప్పు కొట్టి చెబుతున్నాను. మామూలుగా చెబితే ఈ ఊళ్ళో వినపడదు కనుక డప్పు తప్పనిసరి.

నవ్వకండి! నేను పదిహేనేళ్ళుగా ఇక్కడి తెలుగు బడిలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. నవ్వులాటకు మాట్లాడే అలవాటు నాకు లేదు. పైగా ఈ విషయం మీద స్వయంగా సర్వే చేశాను. సర్వే అంటే ఉత్త మాట కాదు, సంతకాలున్నాయి. నూరు సంతకాలు!

ముందుగా హార్డ్ రాక్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. నలుగురు మగవాళ్ళుంటారు. నలుగురికీ నడుము దాకా జుట్టుంటుంది. ఒకడు కరెంటు తీగ తగిలించిన గిటారును ఏదో పాత పగ ఉన్నట్టు పీకుతుంటాడు. ఇంకొకడు డ్రమ్ముల మధ్య కూర్చొని వాటిని వాయించడు, బాదుతాడు. మూడోవాడు మైకును దాదాపు నోట్లో పెట్టుకొని, పన్ను పీకించుకునేటప్పుడు మనం చేసే చప్పుడు చేస్తాడు. నాలుగోవాడు ఏం చేస్తాడో ఎంత విన్నా నాకు అంతుపట్టలేదు గానీ, వాడు లేకపోతే మిగతా ముగ్గురూ పాడరట. ఈ పాటలే ఇరవై ముప్ఫయ్యేళ్ళు పాతబడితే క్లాసిక్ అంటారు. అంటే, పాడినవాళ్ళకు ఆ జుట్టు రాలిపోయిందన్న మాట.

ఈ విజ్ఞానమంతా నాకు ప్రసాదించినవాడు రవీంద్ర. ఏడో తరగతి దాకా నా దగ్గరే చదివాడు. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బజార్లో గుజరాతీ మాట్లాడతాడు. ఒంటి మీద ఎప్పుడూ పుర్రె బొమ్మ ఉన్న నల్ల టీషర్టు. ఆ పుర్రెను మొదటిసారి చూసినరోజు వాళ్ళమ్మ వజ్రమ్మ కొడుక్కి మూడుసార్లు దిష్టి తీసింది, తరువాత టీషర్టుకు విడిగా ఒకసారి తీసింది. రవీంద్ర పర్వత్ పాటియా పేటలో ఒక క్యాసెట్ల దుకాణంలో పనిచేసేవాడు. ఆ దుకాణం పోయిన నెల మూతపడింది.

ఇప్పుడు ప్రైవేటు వాళ్ళకు కూడా ఎఫ్ఎమ్ రేడియో ఇస్తారని పేపర్లలో పడుతోంది గదా! చీరల మార్కెట్లో వ్యాపారం చేసే ఓంప్రకాష్ సేఠ్‌కు దాని మీద మనసు పోయింది. సేఠ్ పుట్టింది కరీంనగర్ వైపే కనుక, అక్కణ్ణుంచి పని కోసం వచ్చిన మనవాళ్ళంటే అభిమానం. రవీంద్ర వెళ్ళి కలిశాడు. సేఠ్ ఒక షరతు పెట్టాడు. సాంచాలు నడిపే మనవాళ్ళలో నూరుమంది ఈ పాటలు వింటామని సంతకాలు పెట్టాలి. శనివారం లోపల ఆ కాగితం తెస్తే స్టేషన్ పెడతాడు, రవీంద్రను అనౌన్సర్‌గా తీసుకుంటాడు.

తేకపోతే? తేకపోతే సోమవారం పొద్దున ఏడింటికి రవీంద్ర కార్ఖానాల పేట భేస్తాన్‌లో ఎనిమిది సాంచాల ముందు నిలబడాలి. సాంచా అంటే పవర్‌లూమ్, బట్ట నేసే మరమగ్గం. వాళ్ళ నాయిన లక్ష్మీరాజం తను పనిచేసే కార్ఖానాలోనే కొడుక్కి పని మాట్లాడిపెట్టాడు.

"సార్, ఎట్లన్న చేసి నన్ను బయటపడెయ్యుర్రి. నాకు పాటలు తప్ప ఇంకేం రావు. మస్త్ ఛాన్స్ సార్, పక్కా!" అంటూ మంగళవారం సాయంత్రం వాడు మా గుమ్మంలో కూర్చున్నాడు.

శిష్యుడు అడిగితే గురువు కాదంటాడా? నేను వెంటనే ఆలోచించడం మొదలుపెట్టాను. ఆలోచించిన కొద్దీ ఈ స్టేషన్ ఇన్నాళ్ళు రాకపోవడమే ఒక వింత అనిపించింది.

శాస్త్రీయ సంగీతం వినాలంటే చెవికి పదేళ్ళ సాధన కావాలంటారు. హార్డ్ రాక్ మాత్రం తక్కువ తిన్నదా? మిగతా నగరాలు ఆ సాధన ఇప్పుడు మొదలుపెట్టాలి. మన ఊరు ఎప్పుడో పూర్తి చేసింది! ఒక్కో కార్ఖానాలో నాలుగైదు వందల సాంచాలు. ఒక్కోదానిలో దారం పట్టుకొని అటూ ఇటూ తలుపులు బాదినట్టు కొట్టుకునే నాడె. పన్నెండు గంటల డ్యూటీ. ఆ జుట్టువాళ్ళు నలుగురూ ఇంత కష్టపడగలరా? పాటకూ పాటకూ మధ్య వాళ్ళు నీళ్ళు తాగుతారు. సాంచా తాగదు.

భేస్తాన్‌లో పసిపిల్లలు ఈ చప్పుడుకే నిద్రపోతారు. కరెంటు పోయి సాంచాలు ఆగాయంటే చాలు, వీధి వీధంతా ఉయ్యాలలన్నీ ఒక్కసారి ఏడుపు అందుకుంటాయి. తల్లులు జోలపాడరు, కరెంటాఫీసుకు మనిషిని పంపిస్తారు.

మా గంగారాం సంగతి చూడండి. ఇరవయ్యేళ్ళు సాంచాలు నడిపి, నెలరోజులు సెలవు పెట్టి సొంతూరు పోయాడు. పచ్చటి పొలాలు, చల్లటి గాలి, చుట్టూ నిశ్శబ్దం. పాపం, మూడు రోజులు కన్ను మూతపడలేదు! చివరికి భార్య స్వరాజ్యం మంచం పక్కన రోలు పెట్టి, ఉత్త రోట్లో రోకలి వేసి దంచితే గానీ మధ్యాహ్నం కునుకు పట్టలేదు. ఆవిడ చేయి నొప్పి పుట్టి ఆపినప్పుడల్లా ఈయన ఉలిక్కిపడి లేచేవాడు. నాలుగో రోజున ఇద్దరూ సూరత్ బండెక్కారు. గంగారాంకు ఆ రోజే ఒక హార్డ్ రాక్ రేడియో ఉండి ఉంటే స్వరాజ్యం భుజం బాగుండేది కాదా?

ఇంగ్లీషు పాటలు మనవాళ్ళకేం అర్థమవుతాయని కొందరు మేధావులు అడుగుతారు. అయ్యా, ఆ పాటలు ఇంగ్లీషు వాళ్ళకు అర్థమవుతాయని మీకెవరు చెప్పారు? రవీంద్ర ఇచ్చిన క్యాసెట్టు నేను పదకొండుసార్లు విన్నాను, నిఘంటువు ఒళ్ళో పెట్టుకొని మరీ. ఒక చోట 'నో' అన్నాడని గట్టి నమ్మకం. మిగతాదంతా మానవజాతికి ఉమ్మడి భాష. ఇందులో లండన్ వాడెంతో మన సూరత్ లింబాయత్ పేటవాడూ అంతే. ఇంతటి సమానత్వం మరే సంగీతంలో ఉంది?

ఇక అనౌన్సర్ల కొరతా? మనదగ్గరా! సాంచాల మధ్య బతికినవాళ్ళు మెల్లగా మాట్లాడటం ఎప్పుడో మరిచిపోయారు. మా బడిలో హాజరు పిలిస్తే పిల్లలు పలికే పలుకుకు కిటికీ రెక్కలు వాటంతటవే మూసుకుంటాయి. కొత్తగా చేరిన పిల్లవాడు మామూలు గొంతుతో మాట్లాడితే జ్వరమేమోనని నుదురు పట్టి చూస్తాం. మా సందు మొదట్లో కూరగాయలమ్మే కొమురవ్వ "వంకాయలూ" అని ఒక కేక వేస్తే, తాపీ నది అవతల అమ్రోలిలో ఎవరో వద్దని చెయ్యూపుతారని ప్రతీతి. ఆమెను పెట్టుకుంటే టవర్ ఖర్చు కూడా ఉండదని సేఠ్‌కు సలహా ఇద్దామనుకున్నాను. రవీంద్ర పోస్టుకు పోటీ అవుతుందని ఆగాను.

శుక్రవారం నాడు సర్వే. నేనూ రవీంద్రా పెద్ద టేప్ రికార్డరు మోసుకొని భేస్తాన్ వెళ్ళాం. లక్ష్మీరాజం పనిచేసే కార్ఖానాను చూసుకునే సాంబయ్య మనవాడే. సాంచాలు ఆపితే కార్ఖానా యజమాని సేఠ్ ఒప్పుకోడు కాబట్టి, నడుస్తుండగానే పాట వినిపించుకోవచ్చని పెద్దమనసు చేసుకున్నాడు.

లోపలికి వెళ్ళి పాట పెట్టాం. ఏమీ వినపడలేదు. సౌండు పెంచాం. ఏమీ వినపడలేదు. రవీంద్ర చివరిదాకా తిప్పాడు. స్పీకరు మీది జాలీ అదురుతోంది, ఎర్ర లైటు గంతులేస్తోంది, నాలుగోవాడితో సహా నలుగురూ ప్రాణాలొడ్డి పాడుతున్నారు. వినపడలేదు! ప్రపంచంలోనే అతి భయంకరమైన సంగీతం భేస్తాన్‌లో పిల్లికూతకు కూడా సరిపోలేదు. నాకు ఊరి మీద గర్వం పొంగింది.

అయినా సర్వే ఆగలేదు. ఒక్కొక్క కార్మికుడి దగ్గరికి వెళ్ళి, "ఈ పాటలు రేడియోలో వస్తే వింటారా?" అని అడిగాను. ప్రతి ఒక్కడూ తలూపాడు. ఇక్కడ పద్ధతే అది. సాంచాల మధ్య ఎవరు వచ్చి ఏం చెప్పినా ముందు తలూపుతారు. విషయం ఏమిటో బయట టీ బంకు దగ్గర కనుక్కుంటారు. సాంబయ్య ఒకసారి తనకు రాజయోగం ఉందని జ్యోతిష్కుడు చెప్పిన సంగతి చెబితే అరవైమందీ తలూపారట. ఆయన ఇప్పటికీ సంతోషంగా ఉన్నాడు.

పకపకా నవ్వే విషయం కాదండీ. ఏ మహానగరంలోనైనా ఏ స్టేషన్‌కైనా నూటికి నూరుమంది ఒప్పుకున్న దాఖలా ఉందా? వరుసలన్నీ తిరిగేసరికి నూరు సంతకాలూ పడ్డాయి. పొద్దుటి డ్యూటీ వాళ్ళు చాలక, డ్యూటీ మారడానికి వచ్చినవాళ్ళు కూడా క్యూ కట్టి పెట్టారు.

లక్ష్మీరాజం మాత్రం తలూపలేదు. కొడుకు తెచ్చిన పెట్టె ఏమిటో చూద్దామని వచ్చి, స్పీకరు మీద అరచేయి ఆనించాడు. ఆయనకు చెవులు పనిచేయవు. ఏ సాంచాకు ఏ జబ్బు చేసిందో చేత్తోనే పట్టేస్తాడు, అందుకే ఆయనంటే ఆ కార్ఖానాలో గౌరవం. కళ్ళు మూసుకొని అర నిమిషం నిలబడ్డాడు. ముఖంలో కంగారు కనిపించింది.

"బంద్ చెయ్యి, బంద్ చెయ్యి!" అని కొడుకు చెవి దగ్గర అరిచాడు. "నాడెను కొట్టే కర్ర లూజైంది. జర సేపైతే దారాలన్నీ తెగుతయ్!"

అంటూ తనే బటన్ నొక్కేశాడు. ఇంతలో బిక్షపతి అనే మరో కార్మికుడు చేతిలో పానాతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ టేప్ రికార్డరును వెల్లకిలా పడుకోబెట్టి, వెనక ఉన్న మరలన్నీ బిగించారు. తిరిగి పెట్టి, మళ్ళీ చేయి ఆనించి, "ఇప్పుడు మంచిగ నడుస్తుంది. కానీ నడిపెటోనికి పని రాదు," అని తేల్చాడు లక్ష్మీరాజం. ఆ డ్రమ్ములవాడి గురించి ఇంత సూటి విమర్శ ఏ ఇంగ్లీషు పత్రికలోనైనా వచ్చిందా? ఇదండీ మన శ్రోతల స్థాయి!

ఆడవాళ్ళ అభిప్రాయం లేనిదే సర్వే పూర్తికాదు కనుక, అక్కణ్ణుంచి పర్వత్ పాటియాలో వాళ్ళింటికి వెళ్ళాం. వజ్రమ్మ టీ పెట్టింది.

"రేడియో వస్తే ఇంట్లో గొడవగా ఉంటుందా వజ్రమ్మా?" అని అడిగాను.

"గొడవ ఎవలికి సారూ? ఆయనకా?" అంది. "ఆయనను పిలువాలంటే నేను లైటు బుగ్గ ఆర్పి ముట్టిస్త. రెండుసార్లు ఆర్పితె బువ్వకు రమ్మని. మూడుసార్లయితె ఎవలో వచ్చిన్రని."

ఎంత నాగరికమైన పద్ధతి! భార్య కేకలు లేవు, భర్త విసుగు లేదు, స్విచ్చి ఒకటి చాలు. ఒకే ఒక్క ఇబ్బంది ఉందట. వోల్టేజీ సరిగా లేని ఒక ఆదివారం లక్ష్మీరాజం నాలుగుసార్లు భోంచేశాడు.

"మరి చెవుల్లో దూది పెట్టుకోవచ్చు గదా మొదటి నుంచీ?" అని నా తెలివి చూపించుకున్నాను.

"పెట్టుకున్నడు సారూ, కొత్తల. దూది ఉంటె దారం తెగిన సప్పుడు తెలుస్తలేదని తీసేసిండు. బట్ట ఖరాబైతె కార్ఖాన సేఠ్ ఊకుంటడా?" అంది వజ్రమ్మ.

చూశారా, వృత్తి మీద ఎంత శ్రద్ధ! దారం తెగిన చప్పుడు వినడానికి చెవులు తెరిచిపెట్టాడు. పెట్టి పెట్టి, చివరికి ఆ చప్పుడూ వినపడని స్థితికి చేరుకున్నాడు. ఈ విషయాన్ని కూడా నేను నోటుపుస్తకంలో 'స్టేషన్‌కు అనుకూలం' అనే శీర్షిక కింద రాసుకున్నాను.

శనివారం పొద్దున ఓంప్రకాష్ సేఠ్ గద్దె ముందు నూరు సంతకాల కాగితం పరిచాం. ఆయన కళ్ళజోడు సవరించుకొని పై నుంచి కింది దాకా చదివాడు.

"ఒక్కడు గూడ వద్దనలేదా?"

"ఒక్కడూ లేడు," అన్నాను. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

"కమాల్ హై! నా దుకాన్ల చీరలకు గూడ ఇంత ఏకాభిప్రాయం రాదు మాస్టర్‌జీ. రేడియో పక్కా. ఈ పిల్లగాడే అనౌన్సర్. పక్కా!" అని సేఠ్ రవీంద్ర వీపు చరిచాడు.

రవీంద్ర నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. పదిహేనేళ్ళ నా ఉద్యోగంలో ఏ పిల్లవాడూ పాసయినందుకు నన్ను అట్లా చూడలేదు. నాకు ఛాతీ ఉబ్బింది. ఒప్పుకుంటాను, ఆ క్షణంలో నాలుగోవాడి మీద కూడా ప్రేమ కలిగింది.

"ఎప్పటి నుంచి రావాలె సేఠ్?" అని అడిగాడు వాడు.

"సర్కార్ వేలం పెట్టాలె. మనకు దొరకాలె. ఢిల్లీల ఫైలు కదలాలె. టవర్ లేవాలె. ఒక రెండేండ్లు అనుకో." సేఠ్ కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. "అప్పటిదాక ఏదన్న పని చూసుకో బేటా. మీ నాయిన దగ్గర సాంచాలున్నయి గద!"

ఇంటికి వచ్చే దారి పొడుగునా నేనే మాట్లాడాను. రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి, ఓర్పు ఎంత గొప్ప గుణం, అనౌన్సర్ కాబోయేవాడికి జీవితానుభవం ఎంత అవసరం, వగైరా. పంతుళ్ళకు ఇటువంటివి సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

సాయంత్రం లక్ష్మీరాజం డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక ఆయనకు సంగతి చెప్పాలి. వజ్రమ్మ మూడుసార్లు లైటు ఆర్పి వెలిగించింది. ఆయన లోపలి నుంచి వచ్చాడు. నేను జేబులో సుద్దముక్క తీసి గచ్చు మీద రాశాను: 'రేడియో ఖాయం. రెండేళ్ళు పడుతుంది. అప్పటిదాకా సాంచాలు.'

ఆయన వంగి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదువుకున్నాడు. 'రెండేళ్ళు' దగ్గర వేలు ఆగింది.

"రెండేండ్లా?" అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ సందు చివరిదాకా వినిపిస్తుంది, అప్పుడూ వినిపించింది. "చాలు సార్. నాకు రెండేండ్లల్లనే చెవులు పోయినయి."

కోపంగా అనలేదు. దిగులుగానూ అనలేదు. చొక్కా కొలత చెప్పినట్టు చెప్పాడు. ఆ తరువాత నోరు తెరిచి ఒకసారి కొడుకు వైపు చూశాడు. ఏమన్నాడో ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది. గచ్చు మీద కూర్చుండిపోయాడు.

"మరి పంపకు!" అని వజ్రమ్మ ఆయన ముఖానికి ఎదురుగా వంగి పెదవులు కదిలించింది.

"ఏడికి పంపుదాం మరి? చెప్పు. నువ్వు చెప్పు. సార్, మీరు చెప్పుర్రి," అని ఆయన ముగ్గురి పెదవులూ మార్చి మార్చి చూశాడు. ఇంతసేపూ మీతో ఇన్ని వాదనలు చేసిన నా దగ్గర ఒక్క వాదన లేదు. నాకు సిగ్గేసింది. నాలుగు రోజులుగా నేను రాసుకున్న నోటుపుస్తకాన్ని అక్కడే చింపేద్దామనిపించింది.

ఈ రోజు ఆదివారం. పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. రవీంద్ర తలుపు పక్కన టేప్ రికార్డరు పెట్టుకొని కూర్చున్నాడు. చుట్టూ క్యాసెట్లు. నలుగురు జుట్టువాళ్ళూ పాడుతున్నారు, కానీ దోమ ఎగిరినంత సన్నగా పాడుతున్నారు. హార్డ్ రాక్‌ను ఇంత మెల్లగా వినేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

"సౌండు పెంచుకోరాదురా?" అన్నాను.

"ఇంత తక్కువల పెట్టినా మంచిగ ఇనవడుతుంది సార్," అన్నాడు తల ఎత్తకుండా. "అది చూస్తున్న."

కనుక లైసెన్సులు ఇచ్చే ఢిల్లీ పెద్దలకు ఈ పత్రిక ద్వారా విన్నవించుకునేది ఏమిటంటే, నా అభిప్రాయంలో మార్పు లేదు. ఈ ఊళ్ళో హార్డ్ రాక్ స్టేషన్ బ్రహ్మాండంగా నడుస్తుంది. నూరుమంది శ్రోతలు సంతకాలతో సిద్ధంగా ఉన్నారు. మీరు రెండేళ్ళ తరువాత ఇచ్చినా, ఇరవయ్యేళ్ళ తరువాత ఇచ్చినా వాళ్ళకేమీ తేడా తెలియదు, వాళ్ళ గురించి తొందరపడకండి.

నూట ఒకటో శ్రోత ఒకడున్నాడు. వాడికి పాట నిజంగానే వినిపిస్తుంది. వాడు రేపు పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కుతున్నాడు. ఆ లైసెన్సేదో ఆరున్నర లోపల ఇవ్వగలరా?